బల్ల మీద వదిలేసిన ట్యూబు

మా తాత కారుకి పంక్చరు పడితే ఆయన దిగేవాడు కాదు. మా ఇంట్లో అందరూ ఇష్టంగా చెప్పుకునే విషయం ఇది. ద్రాక్షారామం రోడ్డు మీద చక్రానికి గాలి పోతే డ్రైవరు దిగి, జాకీ పెట్టి, వెనక సీట్లో కూర్చున్న తాతతో సహా కారుని పైకి లేపి చక్రం మార్చేవాడట. కారు ఒక పక్కకి ఒరిగినా తాత పేపరు చదువుకుంటూనే ఉండేవాడట. నాకు ఊహ తెలిసేసరికి ఆ కారు లేదు. దాని షెడ్డులో కొబ్బరి మట్టలు పడేసేవాళ్ళు. అయినా ఆ కథ వింటున్నప్పుడు వెనక సీట్లో నేనే కూర్చున్నట్టు ఉండేది.

కారుతో పాటు పొలమూ పోయింది. ఎలా పోయిందో రాయను. మా జిల్లాలో అలాంటి సంగతులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, మాది వాటికన్నా గొప్పదేమీ కాదు. నా వంతుకి వచ్చేసరికి కడియం దగ్గర కాలవ గట్టున అర ఎకరం మిగిలింది. డిగ్రీ చదివాను. ఎవరి దగ్గరికీ ఉద్యోగం కోసం వెళ్ళలేదు. వెళ్ళి నిలబడడం చేతకాలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

చివరికి ఉద్యోగమే నా దగ్గరికి వచ్చింది. మా తాత దగ్గర కౌలుకి చేసినవాడి కొడుకు అప్పటికే కడియంలో పెద్ద నర్సరీ యజమాని. అతని మొక్కలు లారీల్లో ఒరిస్సా, మధ్యప్రదేశ్ దాకా వెళ్ళేవి. ఒకరోజు మా ఇంటికొచ్చి, అరుగు మీద కూడా కూర్చోకుండా నిలబడే అడిగాడు.

“మీరు ఇంగ్లీషూ హిందీ మాట్లాడతారు. మొహం చూస్తేనే మర్యాదస్తులని తెలుస్తాది. బయట ఊళ్ళలో ఆర్డర్లు మీరు పట్టి పెడితే నాకు అంతకన్నా ఏం కావాలండి బాబుగారూ?”

ఉద్యోగం అనలేదు. సాయం అన్నాడు. ఆ మాటకి నేను ఒప్పుకున్నాను.

అలా రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత అయిదారేళ్ళు మోటారు సైకిలు మీద తిరిగాను. మిగతా నర్సరీల మనుషులు లారీ క్యాబిన్లో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళేవాళ్ళు. నన్నూ అలాగే వెళ్ళమన్నాడు. వద్దన్నాను. లారీ క్యాబిన్లో కాళ్ళు పైకి పెట్టుకుని, బీడీ పొగలో కూర్చుని ఒక ఊరికి వెళ్ళి దిగడం నాకు పడలేదు. బండి నాది. ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో నా ఇష్టం. కనీసం ఆ ఒక్కటైనా నా ఇష్టం.

అయితే ఎక్కడ ఆగాలో నిజానికి మేకులు నిర్ణయించేవి.

ట్యూబు టైరు సంగతి దూరాలు తిరిగినవాళ్ళకే తెలుస్తుంది. మేకు దిగిందంటే గాలి ఒక్కసారిగా పోతుంది. బండి తోక ఊపినట్టు ఊగుతుంది. దిగి, తోసుకుంటూ వెళ్ళి, ఎవరిదో షాపు ముందు నిలబడాలి. వాడు చక్రం విప్పి, టైరు పెకలించి, ట్యూబుని నీళ్ళ బేసిన్లో ముంచి బుడగలు చూస్తాడు. ఆ ముప్పావు గంటా బల్ల మీద కూర్చోవాలి. పక్కన కూర్చున్నవాడు అడుగుతాడు. ఏ ఊరండీ? ఏం చేస్తారండీ? తునిలో, అనకాపల్లిలో, సాలూరులో నేను ఆ ప్రశ్నకి జవాబు చెప్పాను. పరాయి ఊళ్ళలో చెప్పడం అంత కష్టం కాదు.

కష్టమల్లా కడియం హైవే మీది షాపు. ఆ పంక్చరు షాపు మా తాత డ్రైవరు కొడుకుది. నాకన్నా పదేళ్ళు పెద్దవాడు. నేను బండి తోసుకుంటూ వస్తే బల్ల మీద ఉన్నవాళ్ళని లేపేసేవాడు. భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచి, “కూర్చోండి బాబుగారూ” అనేవాడు. లేచినవాళ్ళు నా మొహం వంక చూసేవాళ్ళు. గాలి పోయిన బండితో వచ్చినవాడికి అంత మర్యాద ఎందుకో వాళ్ళకి అర్థమయ్యేది కాదు. నాకు అర్థమయ్యేది, అందుకే భరించలేకపోయేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మోటారు సైకిళ్ళకి ట్యూబ్‌లెస్ టైర్లు రావడం మొదలైంది. రాజమండ్రిలో ఒక షాపువాడు వివరించాడు. లోపల ట్యూబు ఉండదు, గాలి టైరుకీ రిమ్ముకీ మధ్యే నిలుస్తుంది. మేకు దిగినా వెంటనే పోదు, మేకే చిల్లుని మూసి ఉంచుతుంది. చక్రం విప్పక్కర్లేదు. ఒక సూది, జిగురు పట్టించిన రబ్బరు ముక్క, చేతి పంపు ఉంటే చాలు, అయిదు నిమిషాల్లో ఎవరికి వాళ్ళే వేసుకోవచ్చు. కాకపోతే స్పోకుల చక్రం పనికిరాదు, అల్లాయ్ చక్రాలు వేయించాలి. నేను టైరు గట్టిదనం గురించి ఏమీ అడగలేదు. ఎవరికి వాళ్ళే అన్న మాట దగ్గరే నా బేరం అయిపోయింది.

అదే సమయంలో నాకు ఇంకొక పని పక్వానికి వచ్చింది. రెండేళ్ళుగా కాలవ గట్టు అర ఎకరంలో మామిడి అంట్లు కట్టాను. టెంకలు నాటడం దగ్గర్నుంచి అంటు కట్టడం దాకా నా చేతులతోనే చేశాను. సాయంత్రాలు గేటు వేసుకుని చేశాను, ఎవరూ చూడకుండా. ఒరిస్సాలోని జయపురంలో ఒకాయన కొత్తగా మామిడి తోట వేస్తున్నాడు. ఆ ఆర్డరు పట్టింది నేనే. నర్సరీ యజమానితో నా మొక్కల సంగతి చెప్పాను. కొంచెం సేపు ఆలోచించాడు.

“సరేనండి. ఈ లోడు మీ మొక్కలే పంపుదాం. మీ పేరు మీదే. బాగా దిగిందంటే ఆ తోటాయన ఏటా వేస్తాడు, ఆయన్ని చూసి పక్కోళ్ళూ వేస్తారు. అదంతా మీదే. నేను అడ్డు రాను.”

“దిగకపోతే?”

“దిగకపోవడమేంటండీ, శుభమా అని. అప్పుడు మాత్రం నా దగ్గరే లోడింగు చూసుకుందురుగాని. సూపర్‌వైజరు లేక చస్తున్నాను.”

నవ్వుతూనే అన్నాడు. ఆ రెండు దారులూ తప్ప నాకు ఇంకోటి లేదని ఇద్దరికీ తెలుసు. నేను మా ఇంటిపేరుతో నర్సరీ బోర్డు రాయించాను. కారు షెడ్డులో, మట్టలు పక్కకి జరిపి, గోడకి ఆనించి పెట్టాను.

మొక్కల లోడు దిగడం అంటే బస్తాలు దించడం కాదు. మనిషి ముందుగా వెళ్ళి నీడ చూడాలి, నీళ్ళు చూడాలి, దించే కూలీల దగ్గర నిలబడాలి. తెలియనివాడు మొక్కని మెడ పట్టుకుని ఎత్తుతాడు. సంచిలోని మట్టి బరువంతా అంటు కట్టిన చోట పడుతుంది. అంటు కదిలితే పైకి ఏమీ కనబడదు. వారం తర్వాత పై కొమ్మ ఎండిపోతుంది. అందుకే లోడు వెంట మా మనిషి లేకుండా కడియం నుంచి లారీ కదలదు. లారీ సాయంత్రం బయల్దేరి మర్నాడు పొద్దున పదింటికి జయపురం చేరుతుంది. నేను లారీ కదిలే రోజు తెల్లవారుజామునే బండి మీద బయల్దేరితే సాయంత్రానికి అక్కడ ఉంటాను. లెక్క సరిగ్గానే ఉంది.

బయల్దేరే రోజు గాలి పట్టించుకోవడానికి హైవే షాపు దగ్గర ఆగాను. అక్కడ తప్ప ఆ వేళకి ఇంకెక్కడా షాపు తెరవరు. డ్రైవరు కొడుకు పంపు ఆన్ చేసి చక్రాల చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ట్యూబ్‌లెస్సు ఏయించేశారా బాబుగారూ?”

“ఊఁ.”

“ఊళ్ళో తిరగడానికి రాజా టైర్లండి. మేకు దిగినా రెండ్రోజులు తిరిగి తీరిగ్గా చూసుకోవచ్చు. మరి తమరు ఎల్లేది సాలూరు ఘాటు రోడ్డు కదండీ.”

“అయితే ఏంటి?”

“గొయ్యిలో పడితే టైరుకేమీ అవదండి. రిమ్ము అంచు వంగుద్ది. అంచు వంగిందంటే గాలి నిలవదు. స్పోకుల చక్రం వంగినా లోపల ట్యూబు ఉంటాది కాబట్టి ఏదోలా ఇంటికి తెస్తాది. అల్లాయ్ అలా కాదండి.”

“మరి ట్యూబుకి పంక్చర్లు పడవా?”

“పడతాయండి, ఎందుకు పడవు? పడితే ఏ సైకిల్ షాపోడైనా ఏస్తాడు. ఇయ్యి ఏసేవోడు విజయనగరం దాటాక ఉంటాడని నేనైతే చెప్పలేనండి.”

“ఎవడూ వెయ్యక్కర్లేదు. నా దగ్గర కిట్టుంది. నేనే వేసుకుంటాను.”

అతను పెద్దగా నవ్వాడు. అందులో విషం లేదు. అది ఇప్పుడు తెలుస్తోంది.

“తమరు రోడ్డు మీద కూర్చుని ఏసుకుంటారా! తాతగారైతే దిగేవోరే కాదండి. కారు బరువూ ఆయన బరువూ కలిపి మా నాన్న జాకీ తిప్పీవోడు. ఆయన నడుం అక్కడే పోయిందండి, పోయేదాకా మంచంలోనే ఉన్నాడు. తమరిది మోటారు సైకిలు గాబట్టి, దిగక తప్పదు.”

బల్ల మీద టీ తాగుతున్న ఇద్దరు కూడా నవ్వారు. నడుం సంగతి నేను ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో చెప్పుకునే కథలో డ్రైవరుకి నడుం ఉండేది కాదు.

అతను లోపలికి వెళ్ళి, గోడకి వేలాడుతున్న కొత్త ట్యూబు ఒకటి తీసి, మడత పెట్టి, సుతిలి తాడుతో కట్టి తెచ్చాడు.

“ఇది బ్యాగులో పడేసుకోండి. ట్యూబ్‌లెస్ టైర్లోకి కూడా ట్యూబు ఎక్కుద్దండి, అవసరానికి. బరువేం కాదు.”

“అక్కర్లేదు.”

“ఉంచండి బాబుగారూ, నా మాట ఇని.”

“అక్కర్లేదన్నానా!”

ట్యూబుని బల్ల మీద పెట్టేశాను. టీ తాగుతున్నవాళ్ళ పక్కన, అతను నాకోసం తుడిచే చోట. బండి ఎక్కి వెళ్ళిపోయాను.

అనకాపల్లి దాకా గాలిలో తేలినట్టు వెళ్ళాను. ట్యూబ్‌లెస్ టైరు మీద బండి నిబ్బరంగా నడుస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. విజయనగరం దాటాక ఒకచోట ఆగి చూస్తే వెనక టైరులో చిన్న మేకు ఉంది. గాలి తగ్గలేదు. లాగి, సూదితో రబ్బరు ముక్క దోపి, పంపు కొట్టాను. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆ పది నిమిషాలు నా జీవితంలో గర్వంగా గడిచిన ఆఖరి పది నిమిషాలు.

సాలూరు దాటి ఘాటు ఎక్కుతుండగా మధ్యాహ్నం రెండు దాటింది. మూల మలుపులో ఎదురుగా ఖనిజం లారీ వచ్చింది. తప్పించబోయి గోతిలోకి దిగాను. ముందు చక్రం దగ్గర రాయి పగిలినంత చప్పుడు. ఇరవై గజాలు పోయేసరికి హ్యాండిలు బరువెక్కింది.

దిగి చూశాను. రిమ్ము అంచు ఒకచోట బొటనవేలంత మేర లోపలికి వంగింది. అక్కణ్ణుంచి గాలి సన్నగా ఊళ పెడుతూ పోతోంది. కిట్టు తీశాను. సూది చేత్తో పట్టుకుని టైరు చుట్టూ వెతికాను. చిల్లు లేదు. పూడ్చడానికి నా దగ్గర అన్నీ ఉన్నాయి, పూడ్చవలసింది మాత్రం లేదు. పంపు కొట్టాను, కొట్టినంత సేపూ పోయింది.

రెండు కిలోమీటర్లు పైకి తోశాను. నాలుగు ఇళ్ళున్న ఒక చోట, రేకు కప్పు కింద ఒక సైకిల్ రిపేరు అతను కనిపించాడు. ముసలివాడు. చక్రం చూసి, టైరుని వేలితో నొక్కి, నా వంక చూశాడు.

“ట్యూబు ఏదండీ?”

“ఇందులో ట్యూబు ఉండదు.”

“ట్యూబు నేకుండా టైరేటండీ బాబూ! గాలి దేన్లో ఉంటాది?”

వివరించాను. ఓపిగ్గా విన్నాడు. సుత్తి, చెక్క ముక్క తీసుకుని అంచు మీద మెల్లగా రెండు దెబ్బలు వేసి ఆపేశాడు. “ఇది ఇనుం కాదండి. ఇంకోటి ఏస్తే ఇరిగిపోద్ది. ట్యూబు ఉంటే తెండి, పది నిమసాల్లో ఎక్కించెత్తాను.”

“లేదు.”

“ఇంత దూరం ట్యూబు నేకుండానే బయల్దేరిసినారా?”

సుతిలి తాడు కట్టిన ట్యూబు కళ్ళ ముందు కనబడుతూనే ఉంది. అతని దగ్గర ఉన్నవన్నీ సైకిలు ట్యూబులు. సాలూరు దిగే బస్సు మళ్ళీ పొద్దున్న ఎనిమిదింటికే. సెల్‌ఫోను తీస్తే అందులో సిగ్నలు లేదు. పైకి వెళ్ళే లారీలవాళ్ళు ఎందరో ఆగి, బీడీ ముట్టించుకుని వెళ్ళారు. ముసలాయన రెండుసార్లు చెప్పాడు: “బండి నాకాడ ఉంచీసి లారీ ఎక్కీయండి బాబూ. బండికేటవదు.” తల అడ్డంగా ఊపాను. రాత్రి ఆ రేకు కింద బల్ల మీదే పడుకున్నాను.

ఇక్కడ ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి రాయాలి.

పొద్దున్న ఏడు గంటలకి మా లారీ వచ్చింది. దూరం నుంచే గుర్తు పట్టాను. పైన కట్టిన ఆకుపచ్చ గుడ్డ, దాని కింద నుంచి బయటికి తొంగి చూస్తున్న మామిడి చిగుళ్ళు. రెండేళ్ళు నేను నీళ్ళు పోసిన మొక్కలు మలుపు తిరిగి మెల్లగా నా వైపే ఎక్కి వస్తున్నాయి. చెయ్యి ఎత్తితే చాలు, ఆగుతుంది. క్యాబిన్లో ఎక్కితే మూడు గంటల్లో జయపురం. సంచులు పట్టుకోండి, మొక్క పట్టుకోకండి అని చెప్పడానికి నేను అక్కడ ఉంటాను. ఇదంతా ఆ నిమిషంలో నాకు స్పష్టంగా తెలుసు. తెలియక జరిగిందని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

దాంతో పాటే మరొకటి కూడా తెలుసు. లారీ డ్రైవరు నర్సరీ యజమాని మనిషి. నేను నలిగిన చొక్కాతో, గాలి పోయిన బండి పక్కన నిలబడి చెయ్యి ఊపానని, క్యాబిన్లోకి చెయ్యిచ్చి లాగాడని వారంలోగా కడియం అంతా వింటుంది. హైవే షాపు బల్ల మీద వింటారు. క్యాబిన్లో కూర్చోనన్నవాడు చివరికి క్యాబిన్లోనే వెళ్ళాడంటారు.

నేను వెనక్కి తిరిగాను. రేకుకి తగిలించిన సైకిలు చక్రాలని చూస్తూ నిలబడ్డాను. నా వెనక లారీ వేగం తగ్గించినట్టు అనిపించింది. గేరు మార్చిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ చప్పుడు పైకి వెళ్ళిపోయింది.

ఎనిమిది గంటల బస్సులో సాలూరు దిగి, ట్యూబు తెచ్చి, ముసలాయన చేత వేయించుకుని జయపురం చేరేసరికి సాయంత్రం నాలుగు. మొక్కలు తోట గేటు పక్కన రాతి నేల మీద, ఎండలో, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. జూన్ మొదటివారం, వాన ఇంకా పడలేదు. సంచులు చిట్లి మట్టి బయటికి వచ్చింది. తోట యజమాని తెలుగాయనే, వరండాలోంచి లేచి వచ్చాడు.

“మీరు నర్సరీ తాలూకు మనిషాండీ?”

“మొక్కలు నావండి.”

“మీవా? మీవైతే పొద్దున్న మీరెక్కడున్నారండీ?” కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది ఆయన గొంతులో. “మనిషి ముందు రోజే వస్తాడన్నారు. డ్రైవరు రెండు గంటలు చూశాడు. తిరుగు లోడు పోతుందని ఆగనన్నాడు. మా కూలీలకి మొక్కలు దించడం ఏం తెలుసు?”

ఒక మొక్కని సంచి పట్టుకుని పైకెత్తాను. అంటు కట్టిన చోట వేలు పెడితే పై కొమ్మ వదులుగా తిరిగింది. ఇంకోటి చూశాను. ఇంకో పది చూశాక చూడడం మానేసి, నీళ్ళు ఎక్కడున్నాయని అడిగాను. చీకటి పడేదాకా మోశాను, నీడలో పేర్చాను. ప్రయోజనం లేదని తెలిసీ చేశాను.

పది రోజుల్లో నర్సరీకి కబురు వచ్చింది. సగానికి పైగా ఎండిపోయాయి. నర్సరీ యజమాని తన సొంత తోటలోంచి ఇంకో లోడు పంపి సరిచేశాడు. ఆ తర్వాత ఏటా అక్కడికి అతని మొక్కలే వెళ్ళాయి. నన్ను ఒక్క మాట అనలేదు. “ఘాటు రోడ్డు కదండీ, ఎవరికైనా అవుద్ది” అన్నాడు. లారీ నన్ను ముందే దాటి వెళ్ళిపోయి ఉంటుందని చెప్పాను. తల ఊపాడు.

ఇంకొన్నాళ్ళకి హైవే షాపుకి వెళ్ళాను. ముందు చక్రంలో సాలూరు ట్యూబు గాలి దిగిపోతోంది. డ్రైవరు కొడుకు బల్ల తుడిచాడు. కూర్చున్నాను. చక్రం విప్పి, ట్యూబు బయటికి లాగి, నీళ్ళలో ముంచాడు. తను ఇవ్వబోయిన ట్యూబు మాట ఎత్తుతాడని ఎదురుచూశాను. ఎత్తితే గట్టిగా జవాబు చెప్పాలని సిద్ధం చేసుకున్నాను కూడా. అతను బుడగలు వచ్చే చోట వేలు పెట్టి, తల ఎత్తకుండానే మెల్లగా వేరే మాట అన్నాడు.

“లారీ డ్రైవరు మొన్న ఇక్కడ ఆగాడండి. ఘాటులో తమర్ని చూశాడంట. ఆపుదామని గేరు కూడా తగ్గించాడంట.”

నేను బేసిన్లో బుడగల్నే చూస్తున్నాను.

“తమరు అటు తిరిగిపోయారంటండి. బాబుగారికి ఇట్టం లేదేమో, ఆపితే బాగోదేమోనని ఎల్లిపోయాడంట. ఆడు కుర్రోడు కాదండి, మీ తాతగార్ని ఎరిగినోడే.”

అంతే. రెండు చక్రాలకీ గాలి కొట్టి, చేతులు తుడుచుకున్నాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నా పరువు పోకుండా వాళ్ళిద్దరూ చూసుకున్నారు. అందుకు నేను వాళ్ళని క్షమించలేకపోయాను, చాలా ఏళ్ళు.

ఆ నెలాఖరున నర్సరీలో లోడింగు పనికి చేరాను. మొదటి రోజు నేను షెడ్డులోకి వెళ్ళగానే యజమాని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రోజూ లేచేవాడు. కూలీలు చూసేవాళ్ళు. దసరాలు దాటాక ఒకరోజు ఫోన్లో మాట్లాడుతూ ఉండిపోయి, లేవలేదు. నన్ను చూసి చెయ్యి మాత్రం ఎత్తాడు. మర్నాడు ఫోను లేదు, అయినా లేవలేదు. అక్కడ ఉన్నది ఒకటే కుర్చీ. ఇంకోటి వేయించమని నేను అడగలేదు. లారీ వెనక నిలబడి, ఎక్కించేవాళ్ళకి చెబుతుంటాను: సంచి పట్టుకోండి, మొక్క పట్టుకోకండి.